రక్తబిందువు చెప్పిన సాక్ష్యము

మన పెద్దలు చలిజ్వరమనియు, మన్యపు జ్వరమనియు పిలిచిన వ్యాధికి ఒక విచిత్రమైన నియమము కలదు. అది వచ్చినవానికి మొదట పండ్లు గిటకరచునంతటి వణకు పుట్టును. నాలుగు దుప్పట్లు కప్పినను ఆ చలి తీరదు. పిమ్మట ఒడలు నిప్పువలె కాగును. తరువాత చెమట పట్టి జ్వరము విడిచిపోవును. రోగి లేచి కూర్చుండి, పీడ వదలినదని సంతోషించును. నడుమ ఒక దినము గడచిన పిదప, మునుపు వచ్చిన వేళకే అది మరల వచ్చును. ఇట్లు కొన్ని మాసములు సాగినచో ముఖము పాలిపోయి, కడుపులో బల్ల పెరిగి, మనిషి క్షీణించును. ఈ జ్వరమునకు భయపడి మైదానపు వారు మన్యమున అడుగు పెట్టుటకే వెనుదీసెడివారు. చెడుగాలివలన ఇది సంక్రమించునని లోకము వందల యేండ్లు నమ్మెను. మలేరియా యను పేరునకు ఇటలీ భాషలో చెడుగాలి యనియే అర్థము. ఆ నమ్మకమును పడగొట్టిన సాక్ష్యము మన సికింద్రాబాదులో, ఒక దోమ కడుపులో దొరకెను. దానిని కనుగొన్నవాడు రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతములోని అల్మోరా పట్టణమున జన్మించెను. మీరటులో సిపాయిల తిరుగుబాటు రాజుకొని అప్పటికి మూడే దినములు. తండ్రి ఆంగ్లేయ సైన్యములో అధికారి. పదుగురు సంతానములో రొనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదవ యేట అతనిని చదువునకై ఇంగ్లండుకు పంపివేసిరి. అచ్చట వైట్ దీవిలో బంధువుల యింట అతడు పెరిగెను. ఆ కాలమున ఈ దేశములోని ఆంగ్లేయుల బిడ్డలలో పెక్కుమంది గతి అదియే. తల్లిదండ్రులు సముద్రమున కావల, వారు ఈవల.

ఆ బాలునకు కవిత్వమన్నను, సంగీతమన్నను, చిత్రలేఖనమన్నను మిక్కిలి ప్రీతి. గణితమునందును చురుకైన బుద్ధి కలదు. వైద్యమునందు మాత్రము ఏ మాత్రము ఇష్టము లేదు. కాని తండ్రి కోరిక వేరు. కుమారుడు భారత వైద్యసేవలో చేరి గౌరవమైన ఉద్యోగము చేయవలెనని ఆయన పట్టుదల. తండ్రి మాట కాదనలేక రాస్ 1874లో లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను. చేరినను మనసు పుస్తకములపై నిలువలేదు. కావ్యములు వ్రాయుట, స్వరములు కూర్చుట, ఇవియే అతని వ్యాపకములు. 1879లో శస్త్రవైద్యుల పరీక్షలో కృతార్థుడయ్యెను గాని, రెండవ పరీక్షలో తప్పెను. తండ్రి సొమ్ము తినుట యిష్టము లేక కొంతకాలము అట్లాంటిక్ సముద్రము దాటు ఓడలలో వైద్యుడుగా పనిచేసి పొట్టపోసికొనెను. తుదకు 1881లో ఆ పరీక్షయు గడచి, భారత వైద్యసేవలో చేరి, ఓడనెక్కెను.

మద్రాసు రాజధానికి చెందిన పటాలములలో ఆయనకు ఉద్యోగమిచ్చిరి. మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులు, ఎచ్చటికి పంపిన అచ్చటికి పోయెను. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో నవలలు వ్రాసెను, గణితశాస్త్రమును లోతుగా అభ్యసించెను, గుఱ్ఱపుస్వారి చేసెను. ఏడు సంవత్సరములు ఇట్లు గడచిన పిమ్మట తాను వైద్యుడై యుండియు వైద్యమునకు చేసినదేమియు లేదను చింత ఆయనను బాధింపసాగెను. 1888లో సెలవు తీసికొని ఇంగ్లండునకు వెళ్ళి, ప్రజారోగ్యశాస్త్రమున పట్టమును పొంది, సూక్ష్మజీవులను పరీక్షించు విద్యను నేర్చెను. మరుసటి సంవత్సరమున రోసా బ్లాక్సమ్ అను కన్యను వివాహమాడి భార్యాసమేతుడై భారతదేశమునకు తిరిగివచ్చెను. ఆయన జీవితము అసలు దారి పట్టినది ఇక్కడినుండియే.

రాస్ పనిని గ్రహించుటకు ముందు మరియొకరి పనిని గూర్చి తెలిసికొనవలెను. 1880లో అల్జీరియాలోని కాన్‌స్టంటైను సైనిక వైద్యశాలలో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు మలేరియా రోగి వ్రేలినుండి ఒక నెత్తుటి చుక్క తీసి, గాజుపలకపై పరచి, సూక్ష్మదర్శినిలో చూచెను. ఎర్రకణముల నడుమ నెలవంక ఆకారముగల వింత వస్తువులు కనబడెను. కొన్నింటినుండి సన్నని దారములు వెడలి కొరడాలవలె ఝళిపించుచుండెను. అన్నింటిలోను నల్లని రేణువులు కలవు. అవి జీవములేని మురికి కాదనియు, జ్వరమునకు మూలమైన పరాన్నజీవులనియు లావెరాన్ ప్రకటించెను. ఈ క్రిమి ఎర్రకణములో దూరి, దానిలోని రక్తవర్ణద్రవ్యమును తిని, జీర్ణముకాని భాగమును నల్లని రేణువులుగా విడుచును. అనగా ఆ నల్లని రేణువు దొంగ విడిచిన అడుగుజాడ వంటిది. అది యెచ్చట నున్నదో అచ్చట మలేరియా క్రిమి యున్నదని అర్థము. ఈ సంగతిని గుర్తుంచుకొనినచో తరువాతి కథ యంతయు సులభముగా తెలియును.

రాస్ మొదట ఈ మాటను నమ్మలేదు. 1892 మొదలు రోగుల నెత్తురును పరీక్షించియు ఆయనకు ఆ క్రిములు కనబడలేదు. కనబడనందున లావెరాన్ పొరబడెనని వ్యాసములు సైతము ప్రకటించెను. 1894లో మరల లండనునకు పోయినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఆయనను కూర్చుండబెట్టి, సూక్ష్మదర్శినిలో ఆ క్రిములను కన్నులార చూపెను. రాస్ వాదము ఒక్క గడియలో కూలిపోయెను. ఆయన కోపస్వభావము కలవాడే యైనను, కన్నులు చూచిన దానిని కాదనలేదు.

ఈ మాన్సన్ చీనాదేశమున పనిచేసిన కాలమున, బోదకాలు వ్యాధికి మూలమైన పురుగులు మనుష్యుని నెత్తుటినుండి దోమలోనికి ప్రవేశించునని 1877లో కనుగొన్నవాడు. మలేరియా క్రిమియు దోమలో పెరుగునేమో యని ఆయనకు ఊహ కలిగెను. లండనులోని వీథిలో నడచుచు ఆయన ఈ ఊహను రాస్‌కు తెలిపెను. కాని ఆ ఊహలో సగమే సత్యము. దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు మాన్సన్ తలంచెను. దోమ కుట్టుటవలననే రోగము సోకునను సంగతి ఆయనకు తట్టలేదు. గురువు చెప్పిన సగము సత్యము శిష్యునికి దారియు చూపెను, కొంతకాలము దారియు తప్పించెను.

1895వ సంవత్సరము ఏప్రిల్ నెలలో రాస్ సికింద్రాబాదునకు వచ్చి, 19వ మద్రాసు పదాతి పటాలమునకు వైద్యుడుగా కుదురుకొనెను. మూడవ నిజాము సికందర్ జా పేర 1806లో వెలసిన ఈ పట్టణమును జనులు లష్కరని పిలిచెడివారు, లష్కరనగా సైన్యము. హుస్సేన్ సాగరునకు ఉత్తరమున, బేగంపేట వైపు, విశాలమైన మైదానములలో సిపాయిల నివాసములు, వైద్యశాలలు, కవాతు స్థలములు ఉండెను. వానలు పడగానే గుంటలు నిండి దోమలు పుట్టెడివి. సిపాయిలలో జ్వరపీడితులకు కొదువ లేదు. పరిశోధకునకు ఇంతకంటె తగిన చోటు దొరకదు.

రాస్ జ్వరపీడితులను దోమతెరలో పరుండబెట్టి, సీసాలలో పెంచిన దోమలను లోపల విడిచి, వారిని కుట్టించెను. నెత్తురు త్రాగిన దోమలను పట్టి, సూదులతో చీల్చి, సూక్ష్మదర్శిని క్రింద వెదకెను. దోమ కడుపులోనికి చేరిన నెలవంకలు దారములు విడుచుట కనబడెను. ఆ తరువాత వాని జాడ మాయమయ్యెను. వారములు గడచెను, మాసములు గడచెను, అదే ఫలితము. దోమలు చచ్చిన నీటిని కొందరిచేత త్రాగించియు చూచెను. ఒకరికి స్వల్పముగ జ్వరము తగిలి తగ్గెను; తక్కినవారికేమియు కాలేదు. ఆరోగ్యవంతులపై ఇట్టి పరీక్షలు చేయుటను నేటి వైద్యధర్మము సమ్మతింపదు. ఆనాడు అట్టి విచారణ యెవరికిని లేకుండెను.

ఈ వైఫల్యమునకు కారణము ఆయనకు తెలియదు గాని, నేడు మనకు తెలియును. దోమలన్నియు ఒకటి కావు. రాస్ పట్టుచుండినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. మనుష్యుల మలేరియా క్రిమి వానిలో పెరుగదు, చచ్చిపోవును. దానిని పెంచునది అనాఫిలిస్ అను మరియొక జాతి. దాని రెక్కలపై మచ్చలుండును. గోడపై వ్రాలినప్పుడు తోకభాగము పైకెత్తి, ములుకు గ్రుచ్చినట్లు నిలుచును. ఈ జాతి పేరు కాని, లక్షణములు కాని రాస్‌కు అప్పుడు తెలియవు. దోమల శాస్త్రము చదువుటకు ఆయనకు గ్రంథములు లేవు, చెప్పువారు లేరు. పూటపూటకు తప్పు దోమనే చీల్చుచు, రెండు సంవత్సరములు గడపెను. నడుమ కలరా వ్యాపించినదని అధికారులు బెంగుళూరునకు పంపగా, అచ్చట పారిశుధ్యపు పనులలో చాలకాలము పోయెను. 1897లో ఉదకమండలము ప్రాంతమునకు పోయినప్పుడు సీగూరు కనుమలో తానే మలేరియా బారిన పడెను. క్వినైను మ్రింగి, కోలుకొని, జూన్ మాసమున మరల సికింద్రాబాదునకు చేరెను.

ఆ సంవత్సరపు ఆగస్టు మాసము దుర్భరముగ నుండెను. ఉక్క భరింపరానిది. పంకా వేయించుకొనినచో చీల్చిన దోమల తునకలు గాలికి ఎగిరిపోవును గావున రాస్ పంకా మాన్పించెను. నుదుటినుండియు చేతులనుండియు కారిన చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. చూచు కటకములలో మిగిలినదొక్కటి. దానికిని పగులు వచ్చెను. ఈగలు చెవులలోను కన్నులలోను దూరి వేధించెను. ఒక్కొక్క దోమను పరీక్షించుటకు గంటలు పట్టును. తల మొదలు తోక వరకు కణము కణముగ చూడవలెను. సాయంకాలమునకు కన్నులు మసకలు క్రమ్మెడివి. ఉద్యోగధర్మముగ సిపాయిలకు వైద్యము చేయుట మానరాదు. ఈ పని యంతయు మిగిలిన వేళలలోనిది. దీనికై ప్రభుత్వము ఆయనకు ఇచ్చినదేమియు లేదు.

ఆగస్టు నడుమ ఆయన పనివారిలో ఒకడు సీసాలో నీటిపురుగులను పట్టి తెచ్చెను. అవి దోమలుగ మారినప్పుడు చూడగా, రెక్కలపై మచ్చలు కలవు. అట్టి దోమలను రాస్ అంతవరకు కుట్టించి చూడలేదు. 16వ తేదీన హుస్సేన్ ఖాన్ అను జ్వరపీడితుని తెరలో పరుండబెట్టి ఈ దోమలను విడిచిరి. కుట్టిన ప్రతి దోమకు ఒక అణా చొప్పున అతనికి కూలి ముట్టినది. వైద్యచరిత్రలో అంత చవుకగా కొన్న విజయము మరియొకటి లేదు. ఆ దోమలలో కొన్నింటిని తొలి దినములలోనే చీల్చిరి, కొన్ని తమంత తామే చచ్చెను. వానిలో ఏమియు కనబడలేదు. 20వ తేదీ ఉదయమునకు రెండే మిగిలెను.

ఆనాటి మధ్యాహ్నము రాస్ ఆ రెంటిలో ఒకదానిని చీల్చెను. అవయవములన్నింటిని వెదకెను, ఏమియు లేదు. అలసి, వదలివేయవలెనను తలంపు కలిగియు, జీర్ణకోశపు గోడ యొక్కటి మిగిలినదని దానిపై దృష్టి నిలిపెను. అచ్చట గుండ్రని కణమొకటి స్పష్టముగ కనబడెను. దోమ జీర్ణకోశములో సహజముగ నుండు కణములకంటె అది పెద్దది. అట్టిదే మరియొకటి, మరియొకటి. కటకమును సవరించి చూడగా ఒక్కొక్క కణములోను నల్లని రేణువుల గుంపు కలదు. లావెరాన్ నెత్తుటిలో చూచిన రేణువులవంటివే అవి. నాలుగు దినముల క్రిందట హుస్సేన్ ఖాన్ నెత్తుటితోపాటు పోయిన దొంగ, దోమ కడుపు గోడలో దాగి, తన అడుగుజాడను దాచలేక పట్టుబడెను.

ఇక్కడ రాస్ బుద్ధికుశలత మెచ్చదగినది. సంతోషముతో ఆయన ఎగిరి గంతు వేయలేదు. ఆ కణములు దోమకు సహజములేమో, మరేదైన రోగమువలన కలిగినవేమో యని శంకించెను. ఒక్క దోమ మిగిలి యున్నది. అది ప్రాణముతో నుండిన, నెత్తురు త్రాగి ఐదవ దినమున దానిని చీల్చవచ్చును. ఆ కణములు జీవముగల క్రిములే యైనచో ఒక్క దినములో పెరిగి యుండవలెను. ఆ రాత్రి ఆ దోమ చచ్చిపోయిన పక్షమున రెండేండ్ల శ్రమకు సాక్ష్యము సగములో నిలిచిపోవును. దోమ బ్రతికియే యున్నది. 21వ తేదీన దానిని చీల్చగా అవే కణములు, అవే నల్లని రేణువులు, పరిమాణము మాత్రము పెరిగెను. ఇక సందేహమునకు తావు లేదు. ఆ దినములలో రాస్ ఒక పద్యమును సైతము కూర్చెను. వైద్యము వచ్చినను కవిత్వము ఆయనను విడువలేదు. ఆ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన ఆయన వ్యాసము ఇంగ్లండులోని వైద్యపత్రికలో ప్రకటింపబడెను. నేటికిని ఆగస్టు 20వ తేదీని లోకము దోమల దినముగ పాటించుచున్నది.

ఇంతటి పని చేసినవానిని ప్రభుత్వము ఏమి చేసెను? సెప్టెంబరులో అకస్మాత్తుగ బదిలీ చేసి, రాజపుటానాలోని ఖేర్వారా యను మారుమూల గ్రామమునకు పంపెను. మలేరియా రోగులు అరుదుగ నుండు చోటది. పరిశోధన నిలిచిపోయెను. రాస్ రాజీనామా చేయుటకు సైతము సిద్ధపడెను. లండనునుండి మాన్సన్ పట్టుపట్టి అధికారులకు నచ్చచెప్పగా, 1898 ఆరంభమున ఆయనను కలకత్తాకు పంపి, ఒక సంవత్సరము పరిశోధనకే వినియోగింప అనుమతించిరి. అది ఆగస్టులోనే చేసియుండినచో ఎన్ని మాసములు కలిసివచ్చెడివో!

కలకత్తాలో మరియొక చిక్కు వచ్చెను. ఆ దినములలో ప్లేగు భయమును, ప్లేగు టీకాలను గూర్చిన వదంతులును వ్యాపించి యుండుటచేత, వ్రేలికి సూది గ్రుచ్చనిచ్చుటకు జనులు సమ్మతింపలేదు. అపుడు రాస్ పక్షులను చేపట్టెను. పిచ్చుకలకు, భరతపక్షులకు కూడ మలేరియాను పోలిన వ్యాధి కలదు. దానిని వ్యాపింపజేయునది బూడిదరంగు దోమ. సికింద్రాబాదులో ఆయనను రెండేండ్లు మోసగించిన బూడిదరంగు దోమయే ఇచ్చట తోడ్పడెను. మహమ్మద్ బక్సు అను పనివాడు ఓర్పుతో దోమలను, పక్షులను సమకూర్చెను. కిశోరీమోహన బంద్యోపాధ్యాయుడు పరిశోధనశాలలో సాయపడెను. జీర్ణకోశపు గోడలోని కణములు పెరిగి, పగిలి, సన్నని నూలువంటి వేలకొలది క్రిములను విడుచుట రాస్ చూచెను. అవి ఎచ్చటికి పోవునో యని వెంబడించెను. జూలై 4వ తేదీన వానిని దోమ లాలాజల గ్రంథిలో కనుగొనెను. దోమ కుట్టునప్పుడు వదలు ఉమ్మితోపాటు అవి క్రొత్త ప్రాణిలో ప్రవేశించును. నీరు త్రాగుటయు కాదు, గాలి పీల్చుటయు కాదు. రోగముగల దోమలచేత ఆరోగ్యమైన పిచ్చుకలను కుట్టింపగా, కొన్ని దినములకు వాని నెత్తుటిలో క్రిములు నిండెను. ఆ నెలలోనే ఎడింబరోలో సమావేశమైన వైద్యుల సభలో మాన్సన్ ఈ వార్తను ప్రకటించెను.

ఆ సంవత్సరాంతమున ఇటలీలో గ్రాసీయు అతని సహచరులును మనుష్యుల మలేరియా అనాఫిలిస్ దోమవలననే వచ్చునని పూర్తిగ రుజువు చేసిరి. ఘనత ఎవరిదను వివాదము చెలరేగెను. రాస్ గ్రాసీని ఎన్నడును క్షమింపలేదు. సభలలోను, పత్రికలలోను, తన స్వీయచరిత్రలోను కఠినముగ నిందించెను. చెట్టును రాస్ నాటెను, ఇటాలియనులు పండ్లు కోసిరి అనుట పూర్తి న్యాయము కాదు. పక్షులనుండి మనుష్యుని వరకు గల మిగిలిన మెట్టును వారే ఎక్కిరి. అయినను ఆ మెట్లకు పునాది సికింద్రాబాదున పడినదనుటలో సందేహము లేదు. 1902లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము రాస్‌కు లభించెను. ఆ బహుమానమును పొందిన బ్రిటిషు ప్రజలలో ఆయనయే మొదటివాడు. లావెరాన్‌కు అది 1907లో వచ్చెను. గ్రాసీకి రానేలేదు.

రాస్ కథలో ప్రధానపాత్ర నెత్తుటి చుక్కది. ఒంటిలో దాగిన రోగము రక్తమున ఒక గుర్తు విడుచును. ఆ గుర్తును చదువనేర్చినవాడు రోగమును ముందుగనే పట్టగలడు. ఈ మార్గము మలేరియాతో ఆగలేదు. ఆనాడు ఐరోపాలో పిచ్చాసుపత్రులు ఒక విధమైన రోగులతో నిండి యుండెను. వారు నడివయసులోనే జ్ఞాపకము కోల్పోయి, మాట తడబడి, పక్షవాతముతో మరణించెడివారు. దానికి సవాయి రోగమే మూలమని కొందరు అనుమానించిరి. 1906లో జర్మనీలో వాసర్‌మాన్ అను శాస్త్రజ్ఞుడు ఆ రోగమును రక్తములో గుర్తించు పరీక్షను కనుగొనెను. మతిని చెరచు వ్యాధికి రక్తములో దొరకిన తొలి సాక్ష్యములలో అది యొకటి. అంతకంటె విచిత్రమైనది తరువాతి సంగతి. 1917లో వియన్నా నగరమున వాగ్నర్ యౌరెగ్ అను వైద్యుడు ఆ మతిచెడిన రోగులకు మలేరియా రోగి నెత్తురును ఎక్కించెను. జ్వరపు వేడికి కొందరిలో మతి కుదుటపడెను. పిమ్మట క్వినైనుతో మలేరియాను మాన్పెడివారు. ఆ పనికి 1927లో నోబెల్ బహుమానము వచ్చెను. రాస్ జీవితమంతయు శత్రువుగ నెంచి తరిమిన జ్వరమునే వేరొకరు ఔషధముగ వాడుటను ఆయన బ్రతికియుండగనే లోకము చూచెను. ఆ చికిత్స అపాయకరమైనది, చనిపోయినవారును కలరు. పెన్సిలిను వచ్చిన పిదప అది మూలబడెను.

ముదిమిలో మతిమరుపు తెచ్చు వేరొక వ్యాధిని 1906లోనే అల్జైమర్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. దానిలో అమిలాయిడు, టౌ అను మాంసకృత్తులు మెదడులో పేరుకొనును. మెదడును తెరచి చూడనిదే వానిని తెలిసికొనుట చాలకాలము అసాధ్యమయ్యెను. నేడు మారిన టౌ యొక్క జాడను నెత్తుటి చుక్కలో కొలుచుచున్నారు. ఒక మిల్లీలీటరు రక్తద్రవములో దాని తూకము గ్రాములో లక్ష కోట్లవ వంతు మాత్రమే. మరపు ఇంటివారికి తెలియుటకు కొన్ని సంవత్సరములు ముందే ఈ జాడ పెరుగును. 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వము, మరపు లక్షణములు కనబడిన 55 సంవత్సరములు దాటినవారికై అట్టి రక్తపరీక్ష నొకదానిని మొదటిసారిగ అనుమతించెను. ఆ పరీక్ష ఒక్కదానినే నమ్మి తీర్పు చెప్పరాదు. వైద్యుడు ఇతర పరీక్షలతో సరిచూడవలెను. ఒక దోమలో చూచినది చాలక, రెండవ దోమ కొరకు రాత్రియంతయు నిరీక్షించిన రాస్ పద్ధతియు అదియే.

1899లో ఉద్యోగమును విడిచి ఇంగ్లండు చేరిన రాస్ లివర్‌పూలులోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆ సంవత్సరమే పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోనుకు పోయి, అచ్చటి మలేరియా అనాఫిలిస్ దోమలవలననే వచ్చుచున్నదని చూపెను. 1902లో సూయజ్ కాలువ ప్రక్కనున్న ఇస్మాయిలియా పట్టణమున దోమల నిర్మూలనకు సలహా లిచ్చెను. గుంటలను పూడ్చి, నిలువనీటిని తీయగా కొన్ని సంవత్సరములలోనే ఆ పట్టణమున జ్వరము దాదాపు అంతరించెను. ఆయన ప్రియమైన గణితము ఇచ్చట అక్కరకు వచ్చెను. దోమల సంఖ్య ఒక పరిమితికి దిగువకు తగ్గినచో, ఒక్క దోమయు లేకుండ చంపకున్నను మలేరియా దానంతట అదే తగ్గిపోవునని లెక్కలు కట్టి నిరూపించెను. అంటువ్యాధుల వ్యాప్తిని గణితముతో అంచనా వేయు నేటి శాస్త్రజ్ఞులు ఆ లెక్కలనే పునాదిగ చేసికొనిరి.

1911లో ఆయనకు సర్ బిరుదము దక్కెను. 1914 ఆగస్టులో ప్రపంచయుద్ధము మొదలైన కొన్ని దినములకే పెద్ద కుమారుడు ఫ్రాన్సులో యుద్ధరంగమున మరణించెను. ప్రభుత్వము తన పనికి తగిన ధనసాయము చేయలేదను అసంతృప్తి తుదివరకు ఆయనను విడువలేదు. 1926లో లండనులోని పట్నీలో ఆయన పేర ఒక పరిశోధనసంస్థ వెలసెను. 1927 జనవరిలో కలకత్తా వైద్యశాల వద్ద తన స్మారకచిహ్నమును ఆవిష్కరించు సభకు వృద్ధుడైన రాస్ స్వయముగ వచ్చెను. 1931లో భార్యయు, మరుసటి సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన ఆయనయు మరణించిరి.

స్వతంత్ర భారతమున 1953లో మలేరియాను అదుపు చేయుటకును, 1958లో నిర్మూలించుటకును జాతీయ ప్రణాళికలు మొదలయ్యెను. ఆరోగ్యశాఖ ఉద్యోగులు గాజుపలకలు చేతబట్టి, ఇంటింటికి తిరిగి, జ్వరమువచ్చినవారి వ్రేలినుండి నెత్తుటి చుక్కలు సేకరించిరి. 1965 నాటికి ఏటేట లక్షమందికి మాత్రమే ఆ జ్వరము వచ్చునంతగ తగ్గెను. శ్రద్ధ సడలిన పిదప 1976లో రోగుల సంఖ్య 64 లక్షలు దాటెను. మరల తగ్గింపగలిగినను, ప్రపంచమున 2023లోను సుమారు 6 లక్షలమందిని మలేరియా బలిగొన్నది. వారిలో అధికులు ఆఫ్రికా ఖండపు పసిబిడ్డలు. 2021 అక్టోబరులో మలేరియా టీకాను మొదటిసారిగ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసెను.

బేగంపేటలో పాత విమానాశ్రయమునకు చేరువలో రాస్ పనిచేసిన భవనము చెట్ల నడుమ నిలిచియున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయము దానికి ఆయన పేరుపెట్టి, పరాన్నజీవుల అధ్యయనమునకు కేంద్రము చేసెను. హైదరాబాదు నల్లకుంటలో జనులు జ్వరాసుపత్రి యని పిలుచు వైద్యశాలకును సర్ రొనాల్డ్ రాస్ పేరే కలదు. వానకాలము రాగానే అచ్చట జ్వరపీడితులు వరుసలు కట్టుదురు. వ్రేలికి సూది గ్రుచ్చి, ఒక చుక్క నెత్తురు గాజుపలకపై పరచి, సూక్ష్మదర్శిని క్రింద నల్లని రేణువులకై చూతురు.